‘మాంటీ క్రిస్టో’ను రోమ్ దగ్గర ఆపేశాను, మళ్ళీ ఎలా అందుకోవాలి?

ప్రశ్న: నల్లగొండలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. నలభై దాటాక పాత సాహస నవలలు, కుట్రల నవలలు ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాను. ‘ది కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో’ రెండుసార్లు పట్టుకున్నాను. జైలు భాగం నిద్ర మానుకుని చదివాను. రోమ్ వచ్చేసరికి రెండుసార్లూ ఆగిపోయాను. హీరో ఎటు పోయాడో తెలియదు, ఎవరో కొత్త కుర్రాళ్ళు వచ్చి కార్నివాల్ కబుర్లు చెబుతుంటారు, పేర్లన్నీ కలగాపులగం. ‘త్రీ మస్కిటీర్స్’ పూర్తిచేశాను గానీ అందరూ మెచ్చుకునే ఆ నలుగురి మీద నాకు ఇష్టం కలగలేదు. చెరలో ఉన్న మిలేడీ మీదే జాలి వేసింది. ‘కిమ్’ ఒక పేజీ ముద్దొస్తుంది, మరో పేజీకి ఒళ్ళు మండుతుంది. నాకు ఈ రకం నవలలు చదవడం రాదా? చదివింది గుర్తుండాలంటే ఏం రాసుకోవాలి? తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ముందు ఏ పుస్తకం ఇవ్వమంటారు?

జవాబు: మీకు చదవడం వచ్చు. జైలు భాగం నిద్ర మానుకుని చదివారంటేనే ఆ విషయం తెలుస్తోంది. మీ చిరాకులకు కారణాలు ఆ పుస్తకాల నిర్మాణంలోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి చూస్తే మళ్ళీ అందుకోవడం కష్టం కాదు. ముందు రోమ్ సంగతి చూద్దాం.

ఈ నవల 1844 ఆగస్టు 28 నుంచి 1846 జనవరి 15 దాకా ‘జుర్నాల్ దె దెబా’ అనే పారిస్ దినపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మొత్తం 117 అధ్యాయాలు. 30వ అధ్యాయం 1829 సెప్టెంబరులో ముగుస్తుంది. 31వది 1838 మొదట్లో తెరుచుకుంటుంది. మధ్యలో తొమ్మిదేళ్ళు ఎలా గడిచాయో రచయిత అక్కడ చెప్పడు. దీని వెనక ఒక కథ ఉంది. అలెగ్జాండర్ డ్యూమా మొదట అనుకున్న నవల రోమ్‌లోనే మొదలవుతుంది. దొంగలు, కార్నివాల్, ఎక్కడివాడో తెలియని ఒక ధనవంతుడు, అక్కడి నుంచి పారిస్. నాయకుడి యౌవనం, అతనికి జరిగిన ద్రోహం, జైలు ఇవన్నీ తరవాత ఎక్కడో వెనక్కి తిరిగి చెబుదామనుకున్నాడు. చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగం నుంచి వచ్చి డ్యూమాతో కలిసి పనిచేసిన ఒగుస్త్ మాకే ఒప్పుకోలేదు. ఈ మనిషి జీవితంలో అన్నిటికంటే రక్తి కట్టే భాగాన్నే దాటేస్తున్నారన్నాడు. డ్యూమా ఆలోచించుకుని మార్సెయ్ భాగాన్ని, షాతో దీఫ్ కోట జైలును పూర్తిగా రాసి ముందు పెట్టాడు. మీకు నిద్ర పట్టనివ్వని ఆ ముప్పై అధ్యాయాలు అలా వచ్చాయి. మాకే చేసిన మేలు అది. అయితే 31వ అధ్యాయానికి మాత్రం ‘ఇక్కడ కథ మొదలు’ అనే నడక మిగిలిపోయింది. కొత్త కుర్రాడు, కొత్త ఊరు, అపరిచితుడి ప్రవేశం, అన్నీ మొదటి అధ్యాయపు లక్షణాలే. మీరు రెండుసార్లూ ఒక నవల మధ్యలో ఆగలేదు, రెండో నవల గుమ్మంలో ఆగారు.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. రోమ్‌లోకి అడుగుపెట్టే ముందు 27వ అధ్యాయం మళ్ళీ చదవండి. ఒకప్పుడు పక్కింట్లో ఉన్న కాదెరూస్, పాదిరీ వేషంలో వచ్చిన నాయకుడు దాంతెస్‌కు పాత కథంతా చెప్పే అధ్యాయం అది. మొదటిసారి మనం ‘ద్రోహం చేసింది ఎవరు, తండ్రి ఎలా పోయాడు’ అన్న ఆత్రంలో పరిగెడతాం. ఆ పరుగులో రెండు చిన్న మాటలు జారిపోతాయి. ఒకటి, దాంతెస్ పెళ్ళాడబోయిన మెర్సెదెస్‌కు కొడుకున్నాడని, పేరు ఆల్బర్ అని. రెండోది, ఆమెను పెళ్ళాడిన ఫెర్నాన్ ఇప్పుడు మొర్సెర్ ప్రభువై పారిస్‌లో హెల్దర్ వీధి 27వ నంబరు ఇంట్లో ఉంటున్నాడని. ఈ రెండూ చేతిలో పెట్టుకుని రోమ్‌కు వెళ్ళండి. కార్నివాల్ కబుర్లు చెబుతున్న ఆ కుర్రాళ్ళలో ఒకడి పేరు ఆల్బర్ ద మొర్సెర్. 38వ అధ్యాయంలో అతను తన కొత్త స్నేహితుడికి ఇచ్చే చిరునామా, హెల్దర్ వీధి, 27వ నంబరు. అపాయింట్‌మెంటు మే 21, పొద్దున పదిన్నర. హీరో ఎటూ పోలేదని అప్పుడు మీకే తెలుస్తుంది. కిటికీ ఇప్పించి, బండి ఇప్పించి, మర్యాదలు చేస్తున్న ఆ పెద్దమనిషి ఎవరి కొడుకు పక్కన కూర్చున్నాడో తలచుకుంటే ఆ కబుర్లే ఒళ్ళు జలదరించేలా ఉంటాయి.

మీరు అడిగిన ‘ఏం రాసుకోవాలి’కి జవాబు కూడా ఇక్కడే ఉంది. మామూలుగా అందరూ కథ రాసుకుంటారు. ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఎవరిని కలిశారు అని. సాహస నవలకు అది సరిపోతుంది. కుట్రల నవలకు చాలదు. కుట్ర నడిచేది పనుల మీద కాదు, తెలియడం మీద. ఏ రహస్యం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, ఎవరికి సగమే తెలుసు, ఇది రాసుకోవాలి. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. కుడి పేజీలో అధ్యాయం నంబరు, జరిగిందేమిటో ఒక్క వాక్యం. ఎడమ పేజీలో మూడు గడులు గీయండి: రహస్యం, తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. అధ్యాయం పూర్తయ్యాక రాయాలి, మధ్యలో పెన్ను పట్టుకోకూడదు. మూడు పంక్తులు దాటకూడదు. ఈ పద్ధతి చెడేది అక్కడే. పదో అధ్యాయానికల్లా పేజీ నిండా సారాంశం రాయడం మొదలవుతుంది, అది హోంవర్కులా తయారవుతుంది, వారం తిరక్కుండా పుస్తకమూ నోట్‌బుక్కూ రెండూ అటకెక్కుతాయి.

మీకు బాగా తెలిసిన భాగంతోనే చేసి చూపిస్తాను. 4వ అధ్యాయం. సారా అంగడి ముందు పందిరి కింద ముగ్గురు కూర్చున్నారు. దాంగ్లార్‌కు దాంతెస్ ఉద్యోగం మీద కన్ను, ఫెర్నాన్‌కు దాంతెస్ పెళ్ళాడబోయే పిల్ల మీద. కాదెరూస్ తప్పతాగి ఉన్నాడు. దాంగ్లార్ కాగితం, కలం తెప్పించి, ఎడమచేత్తో, చేతిరాత దొరక్కుండా, ప్రాసిక్యూటర్‌కు ఆకాశరామన్న ఉత్తరం రాస్తాడు. నెపోలియన్ ప్రవాసంలో ఉన్న ఎల్బా ద్వీపం నుంచి దాంతెస్ అతని మనుషులకు ఉత్తరం తెస్తున్నాడని. రాసి, చదివి వినిపించి, ఇదంతా వేళాకోళమంటూ ఉండ చుట్టి మూలకు విసిరేస్తాడు. కాదెరూస్‌ను లేవదీసుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తాడు. ఫెర్నాన్ వంగి ఆ ఉండను ఏరుకుంటున్నాడు. దాంగ్లార్‌కు కావలసింది అదే. రాసింది ఒకడు, పంపింది ఇంకొకడు, చూసినవాడు మత్తులో ఉన్నాడు. ఒకే నేరం ముగ్గురి మధ్య ముక్కలైపోయింది. ఎడమ పేజీలో ఈ మూడు ముక్కలూ రాయండి.

7వ అధ్యాయం, విచారణ. ఉప ప్రాసిక్యూటర్ విల్ఫోర్ ఈ కుర్రవాణ్ణి వదిలేద్దామనే అనుకుంటున్నాడు. ఉత్తరం ఎవరికని అడుగుతాడు. కోక్-ఎరోఁ వీధి, 13వ నంబరు, నొవార్తియే గారికి. విల్ఫోర్ కుర్చీలో కూలబడతాడు. గదిలో ఉన్నది ఇద్దరు. పేరు ఇద్దరికీ తెలుసు. ఆ నొవార్తియే విల్ఫోర్ కన్నతండ్రి అన్నది ఒక్కరికే తెలుసు. ఉత్తరంలో ఏముందో దాంతెస్‌కు తెలియదు, విల్ఫోర్ చదివాడు. విల్ఫోర్ ఆ కాగితాన్ని పొయ్యిలో వేసి కాలుస్తాడు. తన మీద సాక్ష్యం కాల్చేశాడనుకుని దాంతెస్ అతనికి కృతజ్ఞతలు చెబుతాడు. తనను పూడ్చిపెట్టేవాడికే దణ్ణం పెట్టాడు. నాయకుడిది తెలివితక్కువతనం కాదు. అతని గడిలో ఒక్క మాట తక్కువైంది, అంతే.

17వ అధ్యాయంలో తోటి ఖైదీ ఫారియా పెద్దాయన కొత్త సాక్ష్యం ఒక్కటీ లేకుండా, జైలు గదిలో కూర్చుని, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి దాన్నంతా విప్పేస్తాడు. నువ్వు లేకపోతే ఎవరికి లాభం? ఫిర్యాదు చేతిరాత ఎలా ఉంది? ఆయనే ఎడమచేత్తో రెండు ముక్కలు రాసి చూపిస్తాడు. కుడిచేతి రాతలు మనిషికొకలా ఉంటాయి, ఎడమచేతి రాతలన్నీ ఒకేలా ఉంటాయంటాడు. దాంతెస్‌కు చాలావరకు ముందే తెలిసిన ముక్కలే అవి. పక్కపక్కన పెట్టడం తెలియలేదు. ఆ అధ్యాయం మీరు చదివిన రాత్రి ఎందుకు నిద్ర పట్టలేదో ఇప్పుడు మీ నోట్‌బుక్కే చెబుతుంది. తెలియనివాళ్ళ గడిలోంచి తెలిసినవాళ్ళ గడిలోకి ఒక పేరు దాటింది. ఈ నవలలో ఎన్ని కత్తిపోట్లున్నా దీన్ని మించిన దెబ్బ లేదు.

ఇక 31వ అధ్యాయం. ఇక్కడ ఎడమ పేజీలో ఇంకో పేరు చేర్చండి: ‘నేను’. ముప్పై అధ్యాయాల దాకా మీరు తెలిసినవాళ్ళ గడిలో ఉన్నారు. ద్రోహుల గుట్టు దాంతెస్ కంటే ముందే మీకు తెలుసు. రోమ్‌లో రచయిత మిమ్మల్ని చడీచప్పుడు లేకుండా రెండో గడిలోకి నెట్టేశాడు. ఈ మనిషి తొమ్మిదేళ్ళు ఏం చేశాడో, ఏం తలపెట్టాడో మీకు తెలియదు. మీ చిరాకు అసలు పేరు అది. మన ‘ముద్రారాక్షసం’తో పోల్చి చూడండి. రాక్షసుడి ఉంగరం చాణక్యుడి చేతికి రావడం, శకటదాసు చేత చిరునామా లేని ఉత్తరం రాయించి ఆ ముద్ర వేయడం, అన్నీ మొదటి అంకంలోనే మన కళ్ళ ముందు జరిగిపోతాయి. ఉచ్చు మనకు తెలుసు, బిగుసుకోవడం చూస్తూ కూర్చోవడమే. డ్యూమా మొదట ఆ పద్ధతిలో నడిపి, 31 నుంచి తిప్పేశాడు. తిప్పాడని తెలిస్తే ఓపిక దానంతటదే వస్తుంది.

రోమ్ అధ్యాయాలు 31 నుంచి 38 దాకా ఎనిమిది. 33లో లుయిజీ వాంపా అనే దొంగల నాయకుడి పూర్వకథ సాగదీసినట్టుంటుంది, గబగబా చదవొచ్చు. ఆ పేరు మాత్రం మరిచిపోకండి. 35వది ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. బహిరంగ మరణశిక్ష చూడబోతూ కౌంట్ (మన దాంతెస్సే) తన మనసు మొదటిసారి బయటపెడతాడు. ఏళ్ళ తరబడి నలిపి నలిపి పెట్టిన బాధకు ఒక్క క్షణపు శిక్ష ఎలా సాటి అవుతుందన్నది అతని ప్రశ్న. మిగిలిన ఎనభై అధ్యాయాల నడక ఆ మాటలోనే ఉంది. అది చదివాక ప్రతీకారం ఎందుకింత నిదానమని మీరు విసుక్కోరు.

పేర్ల గందరగోళానికి సగం కారణం, ఫ్రెంచి పేరు కళ్ళకు కనబడుతుంది గానీ నోరు పలకదు. పలకని పేరు జ్ఞాపకంలో నిలవదు. నోట్‌బుక్ చివరి పేజీలో పేర్లు తెలుగు లిపిలో రాసుకోండి, ఒకసారి పైకి చదవండి. నొవార్తియే, విల్ఫోర్, దాంగ్లార్, కాదెరూస్. అందరినీ తడబెట్టే జంట ఒకటుంది: మొరెల్, మొర్సెర్. మొరెల్ ఓడల యజమాని, దాంతెస్‌కు మేలు చేసినవాడు. మొర్సెర్ అంటే ఫెర్నాన్, కీడు చేసినవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో మొదటి మూడూ ఒకటే కాబట్టి, వేగంగా చదివేటప్పుడు మిత్రుడూ శత్రువూ కలిసిపోతారు. ఒకరి కింద నల్లసిరాతో, ఒకరి కింద ఎర్రసిరాతో గీత గీయండి. పారిస్‌లో నాలుగు ఇళ్ళుంటాయి: మొర్సెర్లది, దాంగ్లార్లది, విల్ఫోర్లది, మొరెళ్ళది. ఒక్కో ఇంటికి అరపేజీ వదలండి, విల్ఫోర్ ఇంటికి మాత్రం పేజీ. కౌంట్ వేషాలకు వేరే చోటు పెట్టండి. పాదిరీ బుజోనీ, ఆంగ్లేయుడు లార్డ్ విల్మోర్, నావికుడు సింద్‌బాద్ ఒక్కడే. ఆ వేషాల వెనక ఉన్నది ఎవరో ఎవరెవరికి తెలుసన్నది కూడా ఎడమ పేజీ వ్యవహారమే. ఒకరికి మీరనుకున్నదానికంటే చాలా ముందే తెలుసు. ఎవరికో నేను చెప్పను.

మీ చేతిలో ఉన్న ప్రతి ఏదో కూడా చూసుకోండి. విషయసూచికలో 117 అధ్యాయాలు లేకపోతే అది కుదించిన ప్రతి. కుదించినవాళ్ళు ముందుగా కత్తెర వేసేది రోమ్ మీద, పారిస్ ఇళ్ళలోని ఆడవాళ్ళ కథల మీద. అప్పుడు మనుషులు ఎక్కడి నుంచి ఊడిపడ్డారో అర్థం కాదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేది 1846 నాటి ఇంగ్లీషు అనువాదం. అధ్యాయాలన్నీ ఉంటాయి గానీ, వాక్యాలు బరువు, హషీష్ మత్తు దృశ్యాన్నీ దాంగ్లార్ కూతురు యూజెనీకి తన స్నేహితురాలి మీద ఉన్న ప్రేమనూ ఆ కాలపు మర్యాద కోసం పలచన చేశారు. పెంగ్విన్ వాళ్ళు 1996లో వేసిన రాబిన్ బస్ అనువాదం పూర్తిది, నేటి ఇంగ్లీషు. రెండుసార్లు ఆగినవాళ్ళకు నా ఓటు దానికే.

రెండు చోట్ల కాలం తేడా మోసం చేస్తుంది. మొదటిది తారీఖులు. దాంతెస్ ఓడ మార్సెయ్ చేరింది 1815 ఫిబ్రవరి 24న, అతన్ని పట్టుకున్నది 28న. నెపోలియన్ ఎల్బా నుంచి బయల్దేరింది సరిగ్గా ఆ మధ్యలో, 26న. మార్చి 20కల్లా పారిస్‌లో ఉన్నాడు, జూన్ 18న వాటర్లూలో ఓడాడు. ఒకే ఉత్తరం ఫిబ్రవరిలో రాజద్రోహం, మార్చిలో దేశభక్తి, జులైలో మళ్ళీ రాజద్రోహం. ఈ ఐదు తారీఖులు నోట్‌బుక్ అట్ట లోపల రాసుకుంటే విల్ఫోర్ ఎత్తులన్నీ అర్థమవుతాయి. రెండోది టెలిగ్రాఫ్. 60, 61 అధ్యాయాల్లో వచ్చేది మనకు తెలిసిన తీగ టెలిగ్రాఫ్ కాదు. గుట్టల మీద వరసగా కట్టిన బురుజులు, ఒక్కోదాని నెత్తిన కదిలే పెద్ద చెక్క చేతులు. పక్క బురుజు చేతులు ఏ భంగిమలో ఉన్నాయో చూసి, ఇక్కడివాడు అదే భంగిమ పెట్టాలి. అంతే ఉద్యోగం. మధ్య బురుజువాడికి తను పంపేదేమిటో తెలియదు, తెలియనక్కర్లేదు. జీతం ఏడాదికి వెయ్యి ఫ్రాంకులు. ఆ వెయ్యిని కొలబద్దగా పెట్టుకోండి, నవలలోని లక్షల ఫ్రాంకుల మాటలు అప్పుడు మనసుకు తగులుతాయి. అలాంటి ఏమీ తెలియని మనిషి దగ్గరికి కౌంట్ ఎందుకు వెళ్ళాడో చదివి తెలుసుకోండి. రోజుకు మూడు అధ్యాయాల చొప్పున 31 నుంచి చివరిదాకా 29 రోజులు. అంతకంటే మెల్లగా చదివితే పేర్లు జారిపోతాయి. పత్రికలో అది ‘సశేషం’ కొట్టుకుంటూ వచ్చిన కథ, కాబట్టి అధ్యాయం చివర ఆగడం సులువు, మధ్యలో ఆగితే తీగ తెగుతుంది.

డ్యూమాదే అయిన ‘త్రీ మస్కిటీర్స్’ విషయంలో మీ జాలి గురించి మొహమాటపడకండి. 52 నుంచి 56 దాకా వరసగా ఐదు అధ్యాయాలు, చెరలో మొదటి రోజు నుంచి ఐదో రోజు వరకు, డ్యూమా మిమ్మల్ని మిలేడీతో పాటు గదిలో పెట్టి తలుపు వేశాడు. ఆమె చేతిలో ఆయుధం లేదు, డబ్బు లేదు, మిత్రుడు లేడు. కాపలావాడు ఫెల్టన్ కరడుగట్టిన ప్యూరిటన్ క్రైస్తవుడని కనిపెట్టి, వాళ్ళ కీర్తనలు పాడుతుంది. ఏ మాట అన్నప్పుడు అతని ముఖం మారిందో చూసుకుని, మర్నాడు అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఒక మనిషి ఇంకో మనిషిని రోజుకింత చొప్పున ఒలిచే తీరు నేర్చుకోవాలంటే ఈ ఐదు అధ్యాయాలను మించిన పాఠం సాహస నవలల్లో అరుదు. అక్కడ మీరు ఆమె పక్షాన నిలబడ్డారంటే రచయిత పని ఫలించినట్టే. చరిత్రలో జాన్ ఫెల్టన్ అనే సైనికాధికారి 1628 ఆగస్టు 23న పోర్ట్స్‌మత్‌లో బకింగ్‌హమ్ డ్యూక్‌ను నిజంగానే పొడిచి చంపాడు. అతనికి పదోన్నతి రాలేదు, జీతం బాకీ పడింది, అదీ అతని కసి. చరిత్రలో దొరికిన ఆ ఖాళీలోకి డ్యూమా మిలేడీని దూర్చాడు.

చీకట్లో ఇంకొకడి పేరు పెట్టుకుని నవల నాయకుడు దార్తాన్యాన్ ఆమెను మోసం చేయడం మాత్రం మోసమే. నౌకర్లను కొట్టడం, ప్రేయసుల డబ్బుతో గుర్రాలు కొనడం కూడా అంతే. ‘ఆ కాలం అలాంటిది’ అని మీరు మింగేయక్కర్లేదు. కథ జరిగేది 1625 నుంచి 1628 దాకా, డ్యూమా రాసింది 1844లో. ఆ మనుషుల నీతి తన కాలపు నీతి కాదని ఆయనకు తెలుసు. రాజు 40 పిస్టోళ్ళు (అప్పటి బంగారు నాణేలు) చేతిలో పెడితే దార్తాన్యాన్ మొహమాటం లేకుండా జేబులో వేసుకున్న చోట, ఇప్పటి ఆత్మగౌరవపు లెక్కలు అప్పటికి ఇంకా వాడుకలోకి రాలేదని కథకుడే ఆగి చెబుతాడు. ఆయన కథకుడిగా అంత ఎడం పాటించాడు, పాఠకురాలిగా మీరు ఇంకొంత ఎడం పాటించవచ్చు. కుడి పేజీ అంచున ఒక గీత గీసి, మీకు ఒళ్ళు మండిన చోట అధ్యాయం నంబరు, మండిన కారణం రెండు మాటల్లో రాసుకోండి. ‘బాగుంది, బాగోలేదు’ అని రాస్తే ఆరు నెలల తరవాత దేనికీ పనికిరాదు. ‘దాసి కిట్టీని వాడుకున్నాడు’ అని రాస్తే ఆ దృశ్యం మొత్తం తిరిగొస్తుంది.

కిప్లింగ్ ‘కిమ్’ (1901) దగ్గర మీ రెండు ముఖాల స్పందన సరైనదనే నా అభిప్రాయం. గ్రాండ్ ట్రంక్ రోడ్డును అంత ప్రేమగా చూపినవాడే, ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళ దేశం ఎవరిదన్న ప్రశ్న ఎక్కడా రానివ్వలేదు. ఒకదాని కోసం రెండోదాన్ని కప్పెట్టవద్దు. పక్కన అసలు చరిత్ర పెట్టుకుని చదివితే పుస్తకం ఇంకా బాగా తెరుచుకుంటుంది. కిమ్‌కు అడుగులు లెక్కపెట్టడం నేర్పుతారు. 81 లేదా 108 పూసల జపమాల అందుకు పనికొస్తుందని నవలలో ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా కోసం టిబెట్‌కు మారువేషంలో వెళ్ళిన కుమావూ మనిషి నైన్ సింగ్ నిజంగా వాడిన మాలలో 100 పూసలు. నూరు అడుగులకు ఒక పూస జరపాలి, లెక్క దశాంశంలో తేలికగా తేలడానికి ఎనిమిది పూసలు తీసేశారు. ఆయన 1866లో లాసా చేరాడు, 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. నవలలో బెంగాలీ గూఢచారి హరీబాబు భయపడుతూ నవ్విస్తుంటాడు. ఆ నవ్వు వచ్చినచోటల్లా నైన్ సింగ్ మాలను తలచుకోండి.

‘మాంటీ క్రిస్టో’ తరవాత మీకు పెద్ద పుస్తకం వద్దు. స్టీవెన్సన్ ‘కిడ్నాప్‌డ్’ ముప్పై అధ్యాయాలే. నాలుగో అధ్యాయంలో పిసినారి బాబాయి, పైనున్న పెట్టె తెమ్మని డేవిడ్‌ను చీకట్లో బురుజు మెట్లు ఎక్కిస్తాడు. దీపం ఇవ్వడు. పైకి ఎక్కుతుండగా ఒక్క మెరుపు మెరుస్తుంది. తన కాలు అంచుకు రెండంగుళాల దూరంలో ఉందని అబ్బాయికి అప్పుడు కనిపిస్తుంది. అక్కడి నుంచి చేతులతో తడుముకుంటూ పాకుతాడు, ఒక మలుపులో చెయ్యి గాల్లో పడుతుంది. మెట్లు అక్కడితో అయిపోయాయి. పైకి పంపినవాడికి అది ముందే తెలుసు. మీ మూడు గడులకు ఇంతకంటే చక్కటి ఉదాహరణ దొరకదు. ఇందులో స్కాట్‌లాండ్ మాండలికం మాటలు చాలా వస్తాయి కాబట్టి, చివర పదకోశం, మొదట్లో పటం ఉన్న ప్రతి కొనండి.

మీ అబ్బాయికి ‘ట్రెజర్ ఐలండ్’ ఇవ్వండి. 34 అధ్యాయాలు, 1883లో పుస్తకంగా వచ్చింది. ఇంగ్లీషు బరువనిపిస్తే నండూరి రామమోహనరావు గారి తెలుగు ‘కాంచనద్వీపం’ ముందు చదివించండి, ఇంగ్లీషు తరవాత చదవొచ్చు. ఏ భాషలోనైనా ద్వీపం పటం ఉన్న ప్రతే ఇవ్వండి. ఈ నవలకు పటమే ముందు పుట్టింది, కథ తరవాత వచ్చింది. పటం లేకపోతే పిల్లలు 13వ అధ్యాయం తరవాత దారి తప్పుతారు. 16, 17, 18 అధ్యాయాల్లో కథ చెప్పేవాడు మారతాడని కూడా ముందే చెప్పండి. అప్పటిదాకా జిమ్ చెబుతాడు, ఆ మూడూ డాక్టరు చెబుతాడు, 19లో మళ్ళీ జిమ్. చెప్పకపోతే మీరు రోమ్ దగ్గర ఆగినట్టే వాడు అక్కడ ఆగుతాడు.

నోట్‌బుక్ వాడికి ఇప్పుడే వద్దు. 11వ అధ్యాయం మాత్రం ఇద్దరూ కలిసి పైకి చదవండి. ఆపిల్ పండు కోసం పీపాలోకి దిగిన జిమ్‌కు, పీపాకు ఆనుకుని కూర్చున్న తిరుగుబాటు నాయకుడు సిల్వర్ గొంతు వినబడుతుంది. ఓడలో 26 మంది. వాళ్ళలో కచ్చితంగా నమ్మదగినవాళ్ళు ఏడుగురేనని తరవాత లెక్క తేలుతుంది. ఆ నిమిషాన మంచివాళ్ళలో ఆ గుట్టు తెలిసినవాడు పీపాలో ముడుచుకున్న ఆ పిల్లవాడొక్కడే. గొంతు తడుపుకోవాలి, లేచి ఒక ఆపిల్ తీసుకురా అని సిల్వర్ పక్కనున్న కుర్రవాడికి చెబుతాడు. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి, రేపు చదువుదామని చెప్పి చూడండి.